మేస్త్రి ఎడమ చెయ్యి

మధ్యాహ్నం రెండు దాటింది. ఎండ నెత్తి మీద నిప్పులు చెరుగుతోంది. పొద్దున ఇంట్లో తాగిన టీ తప్ప చిన్నోడి కడుపులో ఇంకేమీ పడలేదు. లోపల ఎలుకలు పరిగెడుతున్నాయి. సరిగ్గా అలాంటి వేళ, ఎత్తు రోడ్డు సగం ఎక్కాక, వ్యాను ముందు నుంచి బుస్సుమని ఆవిరి లేచింది.

చిన్నోడంటే నిజంగా చిన్నవాడేం కాదు. తల సగం నెరిసింది. మెట్లెక్కితే మోకాళ్ళు కటకటమంటాయి. అక్క అలా పిలిచేది. అక్క పోయింది గానీ ఆ పిలుపు మాత్రం పోలేదు. చిన్నప్పుడే బడి మానేసి మూటలు మోశాడు, ఆ మూటలు మోసే బండి తోలడం నేర్చుకున్నాడు, చివరికి ఒక ముసలి వ్యాను కొనుక్కుని గోడౌన్ సరుకు కొట్లకు చేరవేస్తూ బతుకుతున్నాడు. వ్యానుకీ మొగుడికీ ఇంచుమించు ఒకటే వయసని భార్య అంటుంది. ఇద్దరిలో ముందు ఎవరు మొరాయిస్తారో చూడాలని కూడా అంటుంది.

ఆ రోజు వ్యానే ముందు మొరాయించింది.

బండి పక్కకు తీసి, చల్లారేదాకా చెట్టు నీడన కూర్చున్నాడు. తర్వాత వంగి చూస్తే రేడియేటర్ అడుగున సన్నటి చెమ్మ. సూది బెజ్జమంత చిల్లు. బొట్టు బొట్టుగా నీళ్ళు కారి ఖాళీ అయిపోయింది. వెనకాల లోడు చూస్తే అట్టల నిండా కోడిగుడ్లు. ఎండలో ఎంతసేపు పెట్టుకు కూర్చుంటాడు?

అటుగా వచ్చిన నీళ్ళ ట్యాంకరు డ్రైవరు జాలిపడి ఆపాడు. ఒక బకెట్ నీళ్ళిచ్చాడు. ఊరికే నీళ్ళిచ్చి పోయినా బాగుండేది, సలహా కూడా ఇచ్చాడు.

"గుడ్లు మోసుకెళ్తూ చిల్లు పడిందని ఏడుస్తావేంటన్నా? ఒక్క గుడ్డు కొట్టి తెల్లసొన పొయ్యి. వేడికి ఉడికిపోయి చిల్లు దగ్గర అతుక్కుంటుంది. హాయిగా ఇల్లు చేరతావు."

ట్యాంకరు వెళ్ళిపోయాక చిన్నోడు ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. అంత ఆకలిలో పచ్చిదే గొంతులో పోసుకుందామా అనిపించింది. చివరికి తన కడుపుకు లేని భాగ్యం బండి కడుపుకు దక్కింది. ఒక్కటి ఇల్లు చేరుస్తుందంటే, నాలుగు పోస్తే ఇంక ఈ జన్మకు చిల్లు బాధ ఉండదనుకున్నాడు. తెల్లసొన వేరు చేసే ఓపిక ఎక్కడిది? పచ్చసొనతో సహా గబుక్కున పోసేసి మూత బిగించాడు.

చిల్లు నిజంగానే మూసుకుపోయింది. కొట్టు దగ్గర దించేటప్పుడు దారిలో కుదుపులకు నాలుగు పగిలాయన్నాడు. గుడ్ల లోడులో నాలుగు పగలడం ఎవరికి వింత? ఎవరూ మారు మాట అడగలేదు. ఈల వేసుకుంటూ ఇంటి దారి పట్టాడు. సందు మలుపు దాకా ఆ ఈల ఆగలేదు. మలుపు దగ్గర బావ గుర్తొచ్చాడు. ఈల పెదాల మీదే చచ్చిపోయింది.

బావంటే చనిపోయిన అక్క భర్త. వీధిలో అందరికీ మేస్త్రి. ఆయన ఒక రిపేర్ల షెడ్డులో నెత్తిన జుట్టున్నప్పుడు చేరి, జుట్టు రాలిపోయేదాకా పనిచేశాడు. బండి ఏదైనా సరే, ముందు దాని మీద అరచెయ్యి వేసేవాడు. పిల్లాడి నుదురు చూసినట్టు ఇంజన్ చూసేవాడు. ఏ పైపులో వేడి ఆగిందో, ఏ మూల చల్లబడిందో ఆ చెయ్యే ఆయనకు చెప్పేది. ఒకసారి ఎవరో తొందరపడి, వేడి వేడి రేడియేటర్ మూత తిప్పబోయారు. వాడి మొహాన ఆవిరి కొట్టకుండా బావ తన కుడి చెయ్యి అడ్డం పెట్టాడు. మొహం దక్కింది. చెయ్యి మాత్రం ఉడికిపోయింది. అప్పట్నుంచి ఆ అరచెయ్యి తోలు చెప్పు అట్టలా బిగుసుకుపోయి, వేడీ చలీ తెలియడం మానేసింది. ఆయన ఎడమ చేతికి మళ్ళీ మొదట్నుంచి పని నేర్పుకున్నాడు.

అక్క పోయిన కొన్నాళ్ళకే షెడ్డు యజమాని అల్లుడి చేతికి వచ్చింది. అల్లుడు బండికి తగిలిస్తే రోగం పేరు తెర మీద చూపించే మిషన్ ఒకటి కొన్నాడు. మేస్త్రికి టీ ఇప్పించి, భుజం తట్టి, ఇంక మీరు సుఖపడండని పంపేశాడు. బావ తన పనిముట్ల సంచీ ఒక్కటి భుజాన వేసుకుని చిన్నోడి ఇంటికి వచ్చాడు. ముందు గదిలో మడత మంచం వేసుకున్నాడు. భారం కాకూడదనో ఏమో, తిన్న పళ్ళెం తనే కడిగి బోర్లించేవాడు. అన్నయ్యా, నేను లేనా అని చిన్నోడి భార్య కోప్పడితే, చేతులు ఖాళీగా ఉంటే తుప్పు పడతాయమ్మా అనేవాడు.

చిన్నోడి వ్యానుకు మాత్రం ఆయన రాజవైద్యుడు. పోయినేడు ఇంజన్‌కి మూతలా ఉండే హెడ్డు విప్పి, దాని కింద నీళ్ళూ నూనే కలవకుండా కొత్త ప్యాకింగ్ వేసింది కూడా ఆయనే. ఒకటే షరతు పెట్టాడు. ఈ బండి నోట్లో నీళ్ళు తప్ప ఇంకేమీ పొయ్యకు, ఏం వచ్చినా ముందు నాకు చెప్పు అన్నాడు.

చెప్పొచ్చు. చెప్పడానికి ఏముంది? కానీ చిన్నోడికి ఒక పాత సంగతి అడ్డం పడింది. వెనకటికి షెడ్డుకి ఒక డ్రైవరు వచ్చాడు. చిల్లు మూయడానికి రేడియేటర్లో దోసెడు మిరియాల పొడి పోసుకున్నవాడు. బావ అందరి ముందూ ఆ బురదంతా బకెట్‌లోకి వంచి, కాస్త ఉప్పు కూడా వేసుంటే తలా ఒక గ్లాసు తాగేవాళ్ళం కదరా అన్నాడు. షెడ్డు షెడ్డంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ డ్రైవరు మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది చిన్నోడే.

అందుకే వీధి చివర కుళాయి దగ్గర బండి ఆపి, రేడియేటర్ నీళ్ళు వదిలేశాడు. నీచు వాసన పోయేదాకా మళ్ళీ మళ్ళీ పోసి, మళ్ళీ మళ్ళీ వదిలాడు. తర్వాత ఏమీ ఎరగనట్టు ఇంటికెళ్ళి అన్నానికి కూర్చున్నాడు.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత ఎత్తు వచ్చినప్పుడల్లా వేడి చూపించే ముల్లు పైకి పాకడం మొదలుపెట్టింది. ఒకరోజు గోడౌన్ గేటు దగ్గరే బండి పొగలు కక్కింది. గోడౌన్ యజమాని కళ్ళారా చూశాడు.

గోడౌన్ యజమాని దగ్గర కూడా పాత వ్యాన్లున్నాయి. రోగం చూపించే మిషన్ తగిలించడానికి చోటు లేని కాలం నాటివి. వాటిని చూసే మెకానిక్ ఎక్కడికో వెళ్ళిపోయాడు. ఆయన ఒక సాయంత్రం చిన్నోడి ఇంటికి వచ్చి, గుమ్మంలో నిలబడే మేస్త్రితో మాట్లాడాడు. ముందు మీ బావమరిది బండి వేడి తగ్గించండి, అది చూసి నా బళ్ళన్నీ మీకే అప్పజెప్తానన్నాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆయన చూపు మేస్త్రి కుడి అరచేతి మీదే ఉంది. చెయ్యి పనిచేస్తోందా అని మర్యాదగానే అడిగాడు. రెండోది ఉందిగా అని బావ నవ్వాడు.

ఆ మర్నాడు బావ తన పాత ఖాకీ చొక్కా తీసి, సబ్బు అరిగేలా ఉతికాడు. చిన్నోడి భార్యను ఇస్త్రీ పెట్టె అడిగాడు. నేను చేసిపెడతాను అన్నయ్యా అంటే ఒప్పుకోలేదు. మడతలు కత్తిలా నిలబడేలా తనే ఇస్త్రీ చేసి, మంచం పైన గోడ మేకుకు తగిలించాడు. గోడౌన్ పనికి వెళ్ళే రోజున వేసుకుంటానన్నాడు. ఆ రాత్రి అన్నం మారు వడ్డించుకున్నాడు. ఈ ఇంటికి వచ్చాక ఆయన మారు అడగడం అదే మొదలు.

చిన్నోడు అదంతా చూశాడు. కంచంలో చెయ్యి కలుపుతూనే ఉన్నాడు, ముద్ద మాత్రం నోటిదాకా రాలేదు.

సెలవు రోజు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగానే, వాకిట్లో పని మొదలైంది. బావ స్పానరు ముట్టుకోకుండా ముందు ప్రశ్నలు వేశాడు. వేడెక్కేది బండి ఆగి ఉన్నప్పుడా, పరిగెత్తేటప్పుడా? లోడుతో ఎత్తెక్కేటప్పుడని చిన్నోడు చెప్పాడు. అయితే ఫ్యాను తప్పు కాదన్నాడు బావ. ఆగినప్పుడు వేడెక్కితే గాలి చాలనట్టు, పరిగెత్తేటప్పుడు వేడెక్కితే నీళ్ళు తిరగనట్టు అని తనలో తనే లెక్క కట్టుకున్నాడు. అయినా ఫ్యాను బెల్టు వేలితో నొక్కి చూశాడు. మూత విప్పి రబ్బరు చూశాడు. నీళ్ళ మట్టం చూశాడు. నూనె కడ్డీ లాగి, నూనెలో నీళ్ళు కలిసి పాలలా మారిందేమోనని వెలుతురులో పెట్టి చూశాడు. అన్నీ సవ్యంగానే ఉన్నాయి.

తర్వాత బండి స్టార్ట్ చేయించాడు. ఇంజన్ వేడెక్కాక ఆపించి, వంగి, రేడియేటర్ మీద ఎడమ అరచెయ్యి ఆనించాడు. పై నుంచి కిందికి, ఆ పక్క నుంచి ఈ పక్కకు మెల్లగా జరుపుతూ పోయాడు. కింద ఒక మూల చెయ్యి ఆగింది.

గోడ అవతల నుంచి కుట్టుపని చేసే పొరుగింటావిడ తొంగి చూస్తోంది. భార్య టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఇక్కడ చల్లగా ఉందిరా చిన్నోడా," అన్నాడు బావ. "పైనంతా కాలుతోంది, ఈ మూలకు వేడి రావట్లేదు. లోపల ఏదో అడ్డం పడింది. నీళ్ళు కాక ఇంకేమైనా పోశావా ఇందులో?"

ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట చిన్నోడి నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో పొరుగింటావిడ మొహం కనిపించింది. మిరియాల డ్రైవరు గుర్తొచ్చాడు. ఆనాటి తన నవ్వు తనకే వినిపించింది.

"లేదు బావా. నీళ్ళే," అన్నాడు. అంతటితో ఆగినా సరిపోయేది. "చలికాలంలో లోడుకి వెళ్ళినప్పుడు దారిలో రేడియేటర్ విప్పించి కడిగించాను కూడా."

బావ అతన్ని చూడలేదు. తన ఎడమ అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. ప్యాంటుకు తుడుచుకుని మళ్ళీ ఆ మూల మీద పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"కడిగించావా. అయితే ఈ చేతికి కూడా తెలియడం మానేసినట్టుంది," అన్నాడు మెల్లగా.

చిన్నోడికి తల తీసి మొలేసినట్టయింది. తన చేతి మాట కాదని బావమరిది మాట నమ్మి, బావ రేడియేటర్ వదిలేసి ఇంజన్ వైపు వెళ్ళాడు.

అక్కడి నుంచి అంతా తప్పుదారే. ముందు థర్మోస్టాట్ విప్పాడు. ఇంజన్ వేడెక్కాక నీళ్ళకు దారి తెరిచే చిన్న తలుపది. తెరుచుకుంటుందో లేదో చూడాలంటే నీళ్ళలో ఉడకబెట్టాలి. వంటింట్లోంచి గిన్నె తీసుకుని, పొయ్యి మీద పెట్టి, దాన్ని అందులో వేశాడు. ఆ గిన్నెలో ఇంక వంట చెయ్యాలా మానాలా అన్నయ్యా అని చిన్నోడి భార్య నడుం మీద చెయ్యి వేసుకుంది. ఇది ఉడికితే మీ ఆయనకే వడ్డిద్దువుగానీ అన్నాడు బావ. ఇద్దరూ నవ్వారు. నీళ్ళు మరిగేసరికి తలుపు పువ్వులా విచ్చుకుంది. దాని తప్పేమీ లేదు. తర్వాత నీళ్ళు తోడే పంపు విప్పాడు. రెక్కలు బాగున్నాయి. అదీ కాదు.

పంపు పక్కన పెట్టేశాడు బావ. వాకిట్లో పీట మీద కూర్చుని ఇంజన్ వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇంక మిగిలింది హెడ్డు కింది ప్యాకింగ్. పోయినేడు తను వేసింది. ఈ చేతులతో వేసింది.

"అన్నీ బాగున్నాయంటే, బాగా లేనిది నా పనే," అని లేచి హెడ్డు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు.

చిన్నోడు స్పానర్లు అందిస్తున్నాడు. ఒక్కొక్క బోల్టూ తన పక్కటెముకల్లోంచి ఊడుతున్నట్టుంది. ఎలాగైనా ఆపాలి. నిజం తప్ప ఇంకేం చెప్పినా ఆపొచ్చని అతని ఆశ. వెతికి వెతికి చెప్పకూడని మాటే చెప్పాడు. పోనీ బావా, బయట షెడ్డుకి తీసుకెళ్దామా అన్నాడు.

బావ చెయ్యి ఆగింది.

"నా మీద నమ్మకం పోయిందా?"

"అది కాదు బావా."

"మరేంటి?"

మరేంటో చిన్నోడికి తెలుసు. మింగేశాడు. బావ తల వంచుకుని మిగతా బోల్టులు విప్పాడు. హెడ్డు ఎత్తి చూస్తే ప్యాకింగ్ వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కాలిన మచ్చ లేదు, తడి జాడ లేదు. తన పనిలో తప్పు లేదని తేలితే ఎవరైనా సంతోషిస్తారు. బావ మొహంలో సంతోషం లేదు. తప్పు లేదు, కానీ రోగమూ దొరకలేదు. రోగం దొరకని మేస్త్రిని ఎవరు పిలుస్తారు?

మర్నాడు పొద్దున ఆయనే అన్నాడు, నువ్వు కడిగించానన్నావు సరే, నా తృప్తి కోసం ఒక్కసారి రేడియేటర్ విప్పుదామని. లోడుకి వెళ్ళాలి, ఇంకో బండి అడిగి తెచ్చుకుంటాను అని చిన్నోడు ఏదో గొణిగాడు. కాళ్ళు మాత్రం కదల్లేదు.

రేడియేటర్ విప్పి వాకిట్లో తలకిందులుగా నిలబెట్టారు. బావ సన్నటి తీగ వంచి కింది గొట్టంలోకి పోనిచ్చి మెల్లగా లాగాడు. తీగ చివర బూడిద రంగు పొర ఒకటి సాగుతూ వచ్చింది. మళ్ళీ లాగితే ముక్కలు ముక్కలుగా ఇంకొంచెం. బావ ఒక ముక్కను వేళ్ళ మధ్య నలిపాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి చిన్నోడి వైపు చూశాడు.

ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. కోపం కాదు. తన చెయ్యి నిజమే చెప్పిందన్న వెలుగు ఒక్క క్షణం మెరిసింది. ఆ వెంటనే, మరి ఎవరు అబద్ధం చెప్పారో తెలిసినట్టు ఆ వెలుగు ఆరిపోయింది.

సరిగ్గా అప్పుడే గోడౌన్ యజమాని స్కూటరు వాకిలి ముందు ఆగింది. ఇంజనంతా విప్పి వాకిట్లో ఆరబోశారేంటి మేస్త్రీ, రోగం దొరికిందా అని అడిగాడు. గోడ మీద పొరుగింటావిడ మోచేతులు ఆనించింది. గుమ్మంలోకి భార్య వచ్చింది.

బావ గుప్పిట మూశాడు. చిన్నోడి కోసమే ఆగాడు. అది చిన్నోడికి తెలుసు. ఆ గుడ్లు గోడౌన్‌వే. కుదుపులకు పగిలాయని చెప్పినవే. ఈ నోటితో ఇప్పుడు ఏం చెప్పినా రేపట్నుంచి లోడు ఉండదేమోనన్న భయం ఒక పక్క, నలుగురి ముందు నవ్వుల పాలవుతానన్న సిగ్గు ఒక పక్క. చిన్నోడు వంగి, తుడిచిన స్పానరే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

ఆ తుడవడం చూశాక బావ నోరు విప్పాడు.

"దొరికిందండీ. పోయినేడు ప్యాకింగ్ నేనే వేశాను. సరిగ్గా కూర్చోలేదు. తప్పు నా చేతిదే."

గోడౌన్ యజమాని కోప్పడే మనిషి కాదు. అదే ఇంకా పెద్ద దెబ్బ. వయసు మరి, ఎవరికైనా తప్పదు, మీరు విశ్రాంతి తీసుకోండి అన్నాడు. తన బళ్ళ మాట ఎత్తకుండానే స్కూటరు తిప్పుకుని వెళ్ళిపోయాడు. పొరుగింటావిడ కూడా పాపం అనుకుంటూ తల దించుకుంది.

బావ మళ్ళీ పనికి వంగాడు. రేడియేటర్ లోపల వేడి నీళ్ళతో మళ్ళీ మళ్ళీ కడిగాడు. గొట్టాలన్నీ తీగతో పొడిచాడు. చిల్లుకు టంకం వేశాడు. కొత్త ప్యాకింగ్ పెట్టి హెడ్డు దింపాడు. ఆ గుప్పిట్లోని ముక్కను ఎక్కడ పారేశాడో చిన్నోడికి కనపడలేదు.

రాత్రి భోజనంలోకి, అన్నయ్య డీలాపడ్డాడని, భార్య కోడిగుడ్లు ఉడికించింది. ఆవిడకేం తెలుసు? బావ తన పళ్ళెంలోని గుడ్డును నెమ్మదిగా ఒలిచాడు. పెంకు చిన్న ముక్క కూడా మిగలకుండా ఒలిచి, తీసి చిన్నోడి పళ్ళెంలో పెట్టాడు. ఈ మధ్య నాకు గుడ్డు పడటం లేదమ్మా అన్నాడు ఆవిడతో. వెటకారమో, ప్రేమో, చిన్నోడికి ఇప్పటికీ తెలియదు. గుడ్డు పళ్ళెం మధ్యలో తెల్లగా కూర్చుని అతన్నే చూస్తోంది. గొంతు దిగదని తెలిసీ తిన్నాడు. అంత కష్టపడి అతను ఎప్పుడూ ఏదీ మింగలేదు.

మర్నాడు తెల్లవారగానే బావ బండి స్టార్ట్ చేయించాడు. చాలాసేపు నడవనిచ్చి ఆపించాడు. ఎడమ అరచెయ్యి రేడియేటర్ అంతా తిప్పాడు.

"అంతా ఒకటే వేడి," అన్నాడు.

"బావా," అన్నాడు చిన్నోడు.

"లోడుకి ఆలస్యమవుతుంది. వెళ్ళు."

వ్యాను ఎత్తు రోడ్డు ఎక్కింది. వెనకాల నిండా బియ్యం బస్తాలున్నాయి. ముల్లు మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడింది. అటూ కదల్లేదు, ఇటూ కదల్లేదు. పాకితే బాగుండునని చిన్నోడు కోరుకున్నాడు. మళ్ళీ పొగలు కక్కితే బావ తప్పు నిజమయ్యేది, తనకు కాస్త ఊపిరి ఆడేది. ముల్లు కరుణించలేదు. గుడ్లు పోసిన చోటుకు వచ్చేసరికి అతనే బండి ఆపేశాడు. స్టీరింగు మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని కడుపు గుర్తు చేసింది. తిట్టుకుని మళ్ళీ బండి తీశాడు.

సరుకు దించి తిన్నగా గోడౌన్‌కి వెళ్ళాడు. మూటలు మోసేవాళ్ళు భోజనాలు ముగించి కూర్చున్నారు. యజమాని బల్ల ముందున్నాడు. చాటుగా పిలిచి చెప్పొచ్చు. అలా చెప్తే సగమే చెప్తానని చిన్నోడికి తన సంగతి తెలుసు. అందరి ముందే నిలబడి, నాలుగు గుడ్లు పోశాననీ, కడిగించానని అబద్ధమాడాననీ, మేస్త్రి చెయ్యి మొదటి రోజే రోగం పట్టుకుందనీ, తనే ఆ చేతిని తప్పుదారి పట్టించాననీ చెప్పేశాడు.

ముందు ఎవరూ నమ్మలేదు. తర్వాత ఒకడు కిసుక్కుమన్నాడు. పచ్చసొనతోనా అని ఇంకొకడు అడిగాడు. అంతే, గోడౌన్ పైకప్పు ఎగిరిపోయేలా నవ్వారు. ఆమ్లెట్టు బండి అన్నారు. పొదిగించి ఉంటే పిల్ల వ్యాన్లు పుట్టేవన్నారు. ఆ పేరు అతన్ని ఇంక వదలదని చిన్నోడికి తెలిసిపోయింది. విచిత్రం, అంతగా భయపడ్డ నవ్వు నెత్తిన పడ్డాక పెద్ద బరువేం అనిపించలేదు. ఇంత తేలికైన దాని కోసమా అనుకుంటే మాత్రం ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది.

యజమాని నవ్వలేదు.

"గుడ్లు పోతే పోయాయి. నిన్న నీ ముందే మేస్త్రి తప్పు తన మీద వేసుకున్నాడు కదా. అప్పుడు నీ నోట్లో ఏముంది?"

యజమాని బల్ల దగ్గరి నుంచి లేచి, రేపు పొద్దున మేస్త్రిని రమ్మను, బళ్ళన్నీ ఆయనవే అని చెప్పు అన్నాడు.

తిరుగుదారిలో చిన్నోడు చెప్పాల్సిన మాటలు మళ్ళీ మళ్ళీ కూర్చుకున్నాడు. ముందు తప్పు చెప్పాలా, పని దొరికిందని చెప్పాలా? కాళ్ళు పట్టుకుంటే బావకు నచ్చదు, లెమ్మని కసురుతాడు. కసరనీ. కసిరితే ఎంత బాగుంటుంది. సందు మలుపు తిరిగేసరికి దాదాపు పరుగులాంటి తొందర వచ్చేసింది.

భార్య వాకిట్లోనే నిలబడి ఉంది. బావ మధ్యాహ్నం అన్నం తిన్నాడట. పళ్ళెం కడిగి బోర్లించాడట. ఆవిడ కుళాయికి వెళ్ళి వచ్చేసరికి లేడట. బజారుకేమో అనుకుందట. ఎంతకీ రాకపోతే పనిముట్ల సంచీ కోసం చూసిందట, అదీ లేదట.

"ఒక్క మాటైనా చెప్పకుండా పోయే మనిషి కాదు అన్నయ్య," అంది. "నువ్వేమైనా అన్నావా?"

అతను లోపలికి వెళ్ళాడు. మడత మంచం మడిచి గోడకు ఆనించి ఉంది. దుప్పటి నాలుగు మూలలూ కలిసేలా మడత పెట్టి ఉంది. గది ఊడ్చి ఉంది. పైన మేకుకు ఖాకీ చొక్కా ఒక్కటే వేలాడుతోంది. ఇస్త్రీ మడతలు ఇంకా నలగలేదు.